తొమ్మిది మొవ్వాకు సిలువలు

బేస్తవారం పొద్దుగూకింది. మొవ్వాకు రాలేదు.

తిరుత్తణి స్టేషను వెనక సందులో, కస్తూరమ్మ ఇంటి వాకిట్లో, ఆమె మొగుడు సుందరరాజు పొద్దున ఒకసారి, మిట్టమధ్యానం ఒకసారి, మళ్ళీ నాలుగు గంటలప్పుడు ఒకసారి గోనెసంచి తడిపి పరిచినాడు. మార్చి నెల ఎండ. తడిపిన గంటకే గోనె ఎండి అప్పడం అయిపోతా ఉండింది. మంచం మీదనుంచి కస్తూరమ్మ వాకిలికల్లా చూస్తా "ఇంకొక చెంబు పొయ్యయ్యా" అంటా ఉండింది. ఆయన పోస్తా ఉన్నాడు.

ఇది ముప్పై ఏండ్ల వాడుక. మట్టల ఆదివారానికి ముందొచ్చే బేస్తవారం, ముంజలమ్మే తణికాచలం తాటిచెట్లెక్కి లేత మొవ్వాకు కోసుకొచ్చి ఈ వాకిట్లోనే దించేవాడు. ఆస్పత్రిలో ఆయా పని చేసే కస్తూరమ్మ రెండు దినాలు లీవు పెట్టి, కాళ్ళు చాపుకుని కూర్చుని, నూటఅరవై సిలువలు అల్లేది. ఆదివారం గుళ్ళో చంటిబిడ్డ మొదలు ముసలోళ్ళ దాకా అందరి కుడిచేతుల్లోనూ అవే. హోసన్నా కీర్తన ఎత్తుకోగానే ఆ చేతులన్నీ ఒకేసారి పైకి లేవాల. ఎవరన్నా మరిచిపోయి ఎడమచెయ్యి ఎత్తితే వెనకనుంచి పెద్దోళ్ళు గదమాయిస్తారు. గుడి కట్టినప్పటినుంచీ అట్లనే.

ఈ సంవత్సరం జనవరిలో కస్తూరమ్మకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. కాలు కొంచెం దారికొచ్చింది, పట్టుకుంటే నాలుగడుగులు వేస్తాది. చెయ్యి మాత్రం రాలేదు. దేవుడి దయవల్ల మాట పోలేదు. పోకపోగా ముందరికంటే ఒక పాలు ఎక్కువైందని సుందరరాజు అంటాడు.

సాయంత్రం ప్యాసింజరులో కూతురు కోకిల దిగింది. తిరువళ్ళూరు టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ఆపరేటరు ఉద్యోగం ఆమెది. మణవాళనగర్ ఇంట్లో పిల్లోళ్ళని మొగుడు నటరాజుకు అప్పజెప్పి, శుక్ర శనివారాలకు లీవు పెట్టి వచ్చింది. సంచి గడపలో పెట్టక ముందే ఆమె కంటికి ఆనింది ఆ తడిగోనె. దాని మీద ఆకు లేదు. ఎందుకు లేదని అడగబోయి, అమ్మ మొకం చూసి నోరు మూసుకుంది.

సుందరరాజు కాఫీ తెచ్చినాడు. గ్లాసులో సగమే పోసినాడు. రెండేండ్లుగా ఆయనకు చేతులు వణుకుతాయి, నిండా పోస్తే గడప దాటేలోపల సగం నేలపాలవుతాది. కూతురికిచ్చి తన గ్లాసుతో మంచం పక్కన కూర్చున్నాడు. కస్తూరమ్మ ఎడమచెయ్యి చాపి ఆ గ్లాసు అందుకుని ఆయన నోటికి ఆనించి పట్టుకుంది. ఆయన తాగినాడు. కోకిల చూస్తా ఉందని ఇద్దరూ సిగ్గుపడలేదు. ఈ ఇంట్లో నాలుగు చేతులుంటే నమ్మే దానికి ఒకటే మిగిలిందని కోకిలకు అర్థమయింది.

దీపం పెట్టినాక ప్రార్థన. ఎప్పటి మాదిరే కస్తూరమ్మ స్తోత్రాలు మొదలుపెట్టింది. గంజి అరిగింది, స్తోత్రం. కాలిబొటనవేలు కదిలింది, స్తోత్రం. కూతురొచ్చింది, స్తోత్రం. కోకిల కండ్లు మూసుకోలేదు. జనవరినుంచీ ఆమె మూసుకోవడం లేదు. ఇరవై ఎనిమిదేండ్లు ఊరందరి మలమూత్రాలెత్తిన మనిషిని ఇట్ల పడేసినోడికి స్తోత్రమేంది? అడగాలని నాలుక కొసదాకా వచ్చేది. అమ్మ బాధపడుతుందని మింగేసేది. ఆ దినమూ మింగేసింది.

"ఆదివారం గుడికి పోవాల" అనింది కస్తూరమ్మ, ఆమెన్ అయిన వెంటనే.

"ఎందుకమ్మా? అందరూ చెయ్యెత్తేటప్పుడు నువ్వు..." కోకిల ఆగిపోయింది.

"నేను? చెప్పు."

"అందరూ అయ్యో పాపం అంటారు. నాకు అది వినబుద్ధి కాదు."

"నీకు వినబుద్ధి కాకపోతే దూది పెట్టుకో" అని కస్తూరమ్మ గోడపక్కకు తిరిగి పడుకుంది.

మరుసటి దినం పొద్దున్నే తణికాచలం వచ్చినాడు. నెత్తిన ముంజల గంప. గంప దించి, పైన ముంజలు తీసి, అడుగునుంచి తడిగుడ్డ చుట్టిన ఒక చిన్న కట్ట బయటికి తీసినాడు. మొవ్వాకు. వెన్న రంగులో, మెత్తగా, ఇంకా తెరుచుకోని లేతాకు.

"ఏందప్పా, దొంగసొత్తు మాదిరి అడుగున పెట్టి తెచ్చినావు?" అన్నాడు సుందరరాజు.

తణికాచలం తువ్వాలతో మొకం తుడుచుకున్నాడు. "ఎన్నత్తె సొల్లేదన్నా, ఏమని చెప్పేది. నిన్ననే కోసినా. మీ గుడి సెక్రెటరీ సార్ వచ్చి, ఈ తూరి ఆకు ఇస్కూలుకు తెచ్చెయ్, ఆయమ్మకు చెయ్యి పడిపోయింది గదా, పిల్లోళ్ళు అల్లుకుంటారు అనినాడు. ఆడ దించేసి ఇంటికి పోతే అన్నం సయించలేదు. నేను మురుగన్ సామికి మొక్కేటోణ్ణి, మీ గుడి సంగతులు నాకు తెలీవు. నేను కోసిన ఆకు మా అక్క వాకిట్లో పడాల. పొద్దున్నే ఇంకొక చెట్టెక్కినా."

కస్తూరమ్మ మొకంలో ఏమీ మారలేదు. "గోనె తడుపయ్యా" అని మొగుడికి చెప్పి, "కూర్చో తణికాచలం, మజ్జిగ తాగి పో" అనింది.

కోకిలకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ముప్పై ఏండ్లు చేయించుకుని, ఒక మాట చెప్పే దిక్కు లేదా? ఇంట్లో పనిచేసే మనిషిని మాన్పించాలన్నా రేపటినుంచి రావద్దని నోటితో చెప్తారు గదా. అప్పుడే పోయి అడుగుతానని చెప్పులేసుకుంది.

"చెప్పులు విడువు. ఆకు చీల్చాల, రా" అనింది కస్తూరమ్మ.

ఆకు చీల్చడం చూసే దానికి సులభమే. నడిమి ఈనె తీసేసి, రేకు వేలెడు వెడల్పున, కొసదాకా ఒకే తీరుగా రావాల. గోరు పక్కకు పోతే రేకు పాడు. కోకిల నాలుగు పాడు చేసింది. ఎక్స్‌చేంజిలో ఒకేసారి ఆరు తీగలు గుచ్చి పీకే చేతులు ఆమెవి, ఈ ఆకు ముందర పనికిరాకుండా పోయినాయి. కస్తూరమ్మ ఎడమచేత్తో రేకు అందుకుని, మోకాలికి ఆనించి నిలువుగా మడిచింది. మడత నిలవలేదు. రెండో చెయ్యి ఉంటే గదా నొక్కి పట్టుకునే దానికి. పండ్లతో పట్టుకుని చూసింది. జారిపోయింది. మూడుసార్లు జారిపోయింది.

"నేను పట్టుకుంటా" అన్నాడు సుందరరాజు.

"నీ చెయ్యా? తుమ్మకొమ్మ మాదిరి ఊగతాది."

"ఊరికే ఉంటేనే ఊగతాది. పని ఇచ్చి చూడు."

ఆయన రైల్వేలో కీమ్యాను. ఇరవై తొమ్మిదేండ్లు సుత్తి భుజాన వేసుకుని దినానికి ఐదారు మైళ్ళు పట్టాల వెంబడి నడిచి, పట్టాను పట్టుకుని ఉండే ఇనప కీ ఎక్కడ వదులైందో చూసి కొట్టి బిగించేది ఆయన పని. మంచం అంచున కూర్చుని, కుడిచేతి బొటనవేలు మడత మీద పెట్టినాడు. వేలు గడగడలాడింది. రేకు దడదడ కొట్టుకుంది. కోకిల చూడలేక తల తిప్పుకుంది.

"నొక్కయ్యా. కీ బిగించినట్ల నొక్కు."

ఆయన నొక్కినాడు. భుజంనుంచి బలమంతా తెచ్చి ఆ వేలిలో పెట్టినాడు. నొక్కేకొద్దీ వణుకు తగ్గింది. మణికట్టు దగ్గర కొంచెం ఆడి, తర్వాత అదీ నిలిచిపోయింది. కస్తూరమ్మ ఎడమచెయ్యి ఆ బొటనవేలి చుట్టూ రేకు తిప్పి, అడ్డకొమ్మ దూర్చి, వెనక్కి మెలిపెట్టి, కొసను ముడి లోపలికి దోపింది. "ఇప్పుడు విడువు" అనింది. ఆయన వేలు తీసినాడు. తీసిన వెంటనే చెయ్యి మళ్ళీ ఊగడం మొదలుపెట్టింది. సిలువ మాత్రం మంచం మీద గట్టిగా ఉండింది.

దానికి ముప్పావుగంట పట్టింది. ముందరైతే రెండు నిమిషాలు.

సాయంత్రానికి నాలుగు సిలువలైనాయి. మధ్యలో తిట్టుకోవడాలు. "నొక్కమంటే నా వేలు నొక్కతావేంది?" అని ఆమె. "ఇరవై తొమ్మిదేండ్లు ఏ ఇంజినీరూ నన్ను ఇన్ని మాటలనలేదు" అని ఆయన. పక్కింటి అలిమేలమ్మ దినమూ తెచ్చే గంజిగిన్నె తెచ్చి, ఇద్దరి మధ్యలో పెట్టి, నవ్వుకుంటా పోయింది. కోకిల రేకులు చీల్చి అందిస్తా ఉండింది. ఎడమచెయ్యి ఆమెది, కుడిచెయ్యి ఆయనది. రెండూ ఒకే మనిషివి మాదిరి పోతా ఉంటే కోకిలకు ఏడుపు రాలేదు, గర్వమొచ్చింది. వీళ్ళు మా అమ్మానాయిన అని ఎవరికైనా చూపించాలనిపించింది.

అందుకే శనివారం మధ్యానం ఉండబట్టలేక, టీపొడి తెస్తానని చెప్పి, మిషను బడికి పోయింది.

బడి వరండాలో పదిమంది ఆడపిల్లోళ్ళు చాప పరుచుకుని కూర్చోనుండారు. ఆకు గుట్ట, కత్తెర్లు, గోందుసీసా. సెక్రెటరీ సుదర్శనం ఆ బడిలోనే అయ్యవారు, తెల్లచొక్కా తెల్లప్యాంటు మనిషి, ముక్కుమీది కండ్లద్దాల పైనుంచి చూస్తా పిల్లోళ్ళకు వంకలు పెడతా ఉన్నాడు. పిల్లోళ్ళ నడుమ, పేపరు మీద, ఎండి గోధుమరంగుకు తిరిగిన పాత సిలువ ఒకటి మడతమడతా విప్పి ఉండింది. కోకిల గుర్తుపట్టేసింది. ఆ మడత ఆమె తల్లిది.

"ఇది ఎవరిది సార్?"

సుదర్శనం లేచి నిలబడినాడు. "పోయిన సంవత్సరందిమ్మా. పిల్లోళ్ళు చూసి నేర్చుకోవాల గదా."

"చేసినామె బతికే ఉండాది సార్. పోయి అడిగితే చెప్పదా?"

"కమిటీలో ముడివు చేసేసినాము కోకిలా, తీర్మానం అయిపోయింది. అమ్మకు రెస్ట్ కావాల."

"మూడు నెలలుగా మంచం మీద రెస్టే సార్. మొన్న మా నాయిన ఆకు వస్తాదని మూడుసార్లు గోనె తడిపినాడు. చేతులు వణికే మనిషి, బావికాడినుంచి నీళ్ళు తెచ్చి తడిపినాడు. ఈ తూరి మేము చేసుకుంటాము కస్తూరమ్మా అని ఒక్క మాట. ఆ మాట చెప్పే దానికి మీకు కాళ్ళు రాలేదా?"

పిల్లోళ్ళ చేతులు ఆగిపోయినాయి. సుదర్శనం కండ్లద్దాలు తీసి చొక్కాకొసతో తుడిచినాడు. తుడిచిందే తుడిచినాడు. "నేను వద్దామనే..." అన్నాడు, ఆపేసినాడు. "సరేమ్మా. అమ్మ చేసినవి ఎన్నుంటే అన్ని తీసుకురా. ముందు బెంచీలోళ్ళకు అవే ఇస్తాము."

కోకిల గెలిచి వచ్చింది. సందు మలుపునుంచే నడకలో ఆ గెలుపు తెలుస్తా ఉండింది. టీపొడి మరిచిపోయింది. మంచం పక్కన నిలబడి మొత్తం చెప్పింది, తానేమన్నదీ, సారు మొకం ఎట్ల మారిందీ. విన్న సుందరరాజు తల వంచుకున్నాడు. కస్తూరమ్మ చేతిలో రేకు పక్కన పెట్టింది.

"నిన్నెవరు పొమ్మనింది?"

"ఎవరూ పొమ్మనాల్సిన పని లేదు. నాకే తోచింది."

"పిల్లోళ్ళు నా సిలువ విప్పి చూసి నేర్చుకుంటా ఉండారా?" కస్తూరమ్మ కండ్లలో వెలుగొచ్చింది. "వస్తా ఉందా వాళ్ళకి? కొస లోపలికి దోపతా ఉండారా, వదిలేస్తా ఉండారా?"

"గోందుతో అంటిస్తా ఉండారు."

"గోందా!" కస్తూరమ్మ మంచం ఊగేటట్ల నవ్వింది. "ఎండకు ఊడిపోతాది. పండగైనాక ఆ పిల్లోళ్ళని ఈడికి రమ్మను, కొస దోపడం నేర్పిస్తా." నవ్వు ఆగినాక కూతుర్ని దగ్గరికి పిలిచింది. "ఇవి గుడికి కాదు పాపా."

గోనె మీద ఎనిమిది ఉన్నాయి. తొమ్మిదోది సగంలో ఉండింది.

"గుడికి కాకపోతే ఎవరికి?"

"లెక్క ఉండాది. ఇది ఐతే సరిపోతాది. నొక్కయ్యా."

ఆదివారం పొద్దున ఏడింటికే రిక్షా తెప్పించినారు. కస్తూరమ్మ తెల్లచీర కట్టుకుంది. సుందరరాజు ఆమెకు తల దువ్వినాడు. దువ్వెన వెంట్రుకల్లో దిగినంతసేపు ఆయన చెయ్యి నిలకడగానే ఉండింది. తొమ్మిది సిలువలు తడిగుడ్డలో చుట్టి ఆమె ఒళ్ళో పెట్టినారు. బయలుదేరేటప్పుడు అలిమేలమ్మకు ఒకటి ఇచ్చింది. గంజికి, అనింది. సందు చివర ముంజలు పరుచుకున్న తణికాచలానికి ఒకటి. అతను దాన్ని రెండు కండ్లకూ అద్దుకుని, విభూది పెట్టుకున్న నుదుటికీ అద్దుకుని, తలపాగాలో దోపుకున్నాడు.

"ఆస్పత్రికి పోనీ" అని రిక్షావానికి చెప్పింది.

ఆడోళ్ళ వార్డులో ఆయా సెల్లమ్మ బకెట్టు కింద పెట్టి పరిగెత్తి వచ్చింది. కస్తూరమ్మ దగ్గర పని నేర్చుకున్న మనిషి. జనవరిలో పందొమ్మిది దినాలు కస్తూరమ్మకు ఒళ్ళు తుడిచి, గుడ్డలు మార్చి, పక్కలు తిప్పింది ఆమే. సెల్లమ్మకు ఒకటి. ఊడ్చే రుక్మిణమ్మకు ఒకటి. రౌండ్సుకొచ్చిన డాక్టరమ్మకు ఒకటి. దినమూ ఇంటికొచ్చి కాలు వంచి చాపించిపోయిన చిన్న నర్సుకు ఒకటి.

"నువ్వు నాకు ఇచ్చేదేందక్కా, పక్క తిప్పడం నువ్వు నేర్పించిందే గదా" అనింది సెల్లమ్మ, కొంగు కండ్లకు అద్దుకుంటా.

"నేర్పించినప్పుడు తెలీదే, నన్నే తిప్పుతావని. తెలిసుంటే ఇంకా బాగా నేర్పించి ఉందును. వీపు కింద చెయ్యి గరుగ్గా పెడతావు నువ్వు" అనింది కస్తూరమ్మ. వార్డంతా నవ్వింది. మంచాల మీది రోగులూ నవ్వినారు.

కోకిల తలుపు పక్కన నిలబడి చూసింది. అయ్యో పాపం అనినోళ్ళు ఒక్కరూ లేరు. మంచానికి మంచానికీ నడుమ అమ్మ రాణి మాదిరి కూర్చోనుండింది, చెయ్యి పడిపోయిన రాణి. మూడు నెలలుగా అమ్మ చెప్పిన స్తోత్రాలన్నీ మనుషుల పేర్లు పెట్టుకుని తన ముందర నిలబడి ఉన్నట్ల కోకిలకు తోచింది.

రిక్షా ఎక్కినాక చూస్తే గుడ్డలో మూడు మిగిలినాయి.

"ఇవి నీకు, నాకు, నాయినకా?" అని అడిగింది కోకిల.

"నీకెందుకు? కడుపున పుట్టినదానికి థాంక్సు చెప్తారా?"

"నాయినకు మాత్రం చెప్తావా?"

"ఆయన నా కడుపున పుట్టలేదు. వేరే ఊరినుంచి వచ్చి ఇన్నేండ్లు నాతో వేగినాడు. ఆయనకు చెప్పాల." ఒకటి తీసి సుందరరాజు జేబులో పెట్టింది. ఆయన బజారుకల్లా చూస్తా కూర్చున్నాడు కానీ చెవులు ఎర్రబడినాయి. "ఇంకొకటి సుదర్శనానికి. నువ్వే ఇయ్యాల."

కోకిల తిరిగి చూసింది. "ఆయనకా?"

"నేను కొళాయి కాడ పడిపోయిన పొద్దు ఎవరు తెచ్చినారు నన్ను ఆస్పత్రికి?"

ఆ పొద్దు కోకిల బోర్డు ముందర ఉండింది. తిరుత్తణినుంచి ట్రంకుకాల్ వస్తే తానే తీగ గుచ్చి, తానే హలో అనింది. అవతల నాయిన. అమ్మను ఆస్పత్రిలో చేర్చినాము అన్నాడు. ఎవరు చేర్చిందీ ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

"బడికి పోతా ఉన్న మనిషి" అన్నాడు సుందరరాజు మెల్లగా. "నాకు చేతులు ఆడలేదు. కూరగాయలబండి ఒకటి ఖాళీ చేయించి, అమ్మను ఎత్తి పడుకోబెట్టి, ఆ తెల్లబట్టలతోనే బజారు నడుమ బండి తోసినాడు. బట్టలంతా పాడైపోయినాయి. ఎవరికీ చెప్పొద్దన్నాడు, కస్తూరమ్మకు సిగ్గుగా ఉంటాది అని."

కోకిలకు నిన్నటి వరండా, తుడిచిందే తుడుస్తా ఉన్న ఆ కండ్లద్దాలు గుర్తొచ్చి తలకాయ దించుకుంది.

"చెప్పకుండా ఆకు తెప్పించుకోవడం తప్పే" అనింది కస్తూరమ్మ. "చెప్పి ఉండాల. నాకూ బాధైంది, దాచేదేముంది. కానీ నన్ను ఎత్తింది ఆయనే. ఒక దానికోసం ఇంకొకటి కొట్టెయ్యలేను నేను."

గుళ్ళో మూడో బెంచీ కొసన కూర్చున్నారు. పిల్లోళ్ళు అల్లిన సిలువలు గంపలో పెట్టుకుని సుదర్శనం బెంచీ బెంచీకీ పంచుతా వచ్చినాడు. కొన్నింటికి అప్పుడే గోందు ఊడి కొసలు విచ్చుకుంటా ఉన్నాయి. వీళ్ళ దగ్గరికి రాగానే ఆయన అడుగు తడబడింది. కోకిల లేచింది.

"సార్. ఇది మా అమ్మ మీకిమ్మనింది. బండి తోసినందుకు." సిలువ ముందుకు చాపింది. "నిన్న నేను అన్న మాటలకు... నాకు తెలీదు సార్."

సుదర్శనం సిలువ అందుకుని తిప్పి వెనకపక్క చూసినాడు. కొస ఎక్కడా కనపడలేదు. ఎప్పటి మాదిరే ముడి లోపల దాక్కునుండింది. "నువ్వు అన్నది సరేనమ్మా" అన్నాడు. "ఆమె ముందరికొచ్చి, నీ చెయ్యి పనికిరాదు అని ఎట్ల చెప్పేదో తెలీక తప్పించుకున్నా. మన్నించు కస్తూరమ్మా."

"పిల్లోళ్ళని పంపించు. కొస దోపడం నేర్పిస్తా" అనింది కస్తూరమ్మ. ఆయన తల ఊపి, సిలువను చొక్కాజేబులో పెట్టుకుని ముందుకు పోయినాడు.

పాస్టరు అయ్యగారు బలిపీఠం ముందరికొచ్చినాడు. జనమంతా లేచి నిలబడినారు. కస్తూరమ్మ కూర్చునే ఉండి గుడ్డ విప్పింది. మిగిలింది ఒక్కటే. దాన్ని ఎడమచేత్తో తీసి, ఒళ్ళో మూసుకుపోయి పడున్న కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే తెరిచింది. చిటికెనవేలు మొదలుపెట్టి బొటనవేలు దాకా. అరచేతిలో సిలువ పెట్టి, మళ్ళీ ఒక్కొక్కటే మూసింది.

"ఇది దీనికి" అనింది. "అరవై ఏండ్లు పనిచేసింది పాపా. ఎంతమందికి తుడిచింది, ఎన్ని సిలువలు అల్లింది. ఒక్క దినం మొరాయించలేదు. దీనికి థాంక్సు చెప్పకపోతే దేవుడు నా మొకం చూస్తాడా?"

కోకిలకు కండ్లలో నీళ్ళు తిరిగినాయి. పడిపోయిన చేతిని ఇన్నాళ్ళూ ఆమె పోయినదానిగానే చూసింది. ఇచ్చినదానిగా ఒక్క దినమూ చూడలేదు.

కీర్తన ఎత్తుకున్నారు. హోసన్నా. గుడి అంతటా కుడిచేతులు పైకి లేచినాయి. సుందరరాజు వంగి, వణికే చేత్తో భార్య కుడిపిడికిలిని పట్టుకున్నాడు. నొక్కి పట్టుకున్నాడు. వణుకు నిలిచింది. మెల్లగా ఎత్తినాడు. మోచెయ్యి బరువుకు వాలిపోతా ఉంటే కోకిల వంగి కింద తన చెయ్యి ఆనించింది. తాను పాడతా ఉన్నానని ఆమెకు తెలీలేదు. కండ్లు మూసుకున్నానని కూడా తెలీలేదు.

"ఇంకొంచెం పైకి" అనింది కస్తూరమ్మ. "వెనకోళ్ళకు కనపడాల."